మోకాలికి చెక్క కట్టుకుని వెతికిన దారి

ఈమధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక డ్రిల్లు టీచరు మా ఇంటికి వచ్చింది. "అమ్మా, పిల్లల్ని నడిపించడానికి ఆదోని చుట్టుపక్కల మంచి దారులు చెప్పండి" అని అడిగింది. చూడదగ్గ చోటు ఉండాలట. అందరూ నడవగలిగేదిగా ఉండాలట.

"ఎవరిని నడిపిస్తావు?" అన్నాను.

"పిల్లలనే అమ్మా."

"ఏ పిల్లలను?"

నాకు చెవుడనుకుందో ఏమో, గొంతు పెంచి మళ్లీ అదే మాట చెప్పింది. ఆమెకు చెప్పవలసింది ఆ పూటకు తెమలలేదు. అందుకే ఇది రాస్తున్నాను. నా ఉద్యోగం ఎప్పుడు ఖాయమైంది, ఎవరు నన్ను ఎక్కడికి బదిలీ చేశారు అన్న సంగతులు వదిలేస్తాను. అవి ఎవరి ఉద్యోగంలోనైనా ఒకటే.

బడి ఆవరణలో నడక

నా పేరు సుందరమ్మ. ఎమ్మిగనూరు దగ్గర ఒక పల్లెలో కూలికి పోయే క్రైస్తవుల ఇంట్లో పుట్టాను. మిషను బడిలో చదివి, టీచరు ట్రైనింగు ముగించుకుని, పందొమ్మిది వందల ముప్ఫైల నడిమిన ఆదోనిలో ఒక ఆడపిల్లల బడిలో చేరాను. అప్పుడు మాది బళ్లారి జిల్లా. బడికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది పత్తి, ధాన్యం వ్యాపారం చేసే ఇళ్లవాళ్లు. గేటు దాకా ఝట్కాలో వచ్చి, సాయంత్రం అదే ఝట్కా ఎక్కి వెళ్లిపోయేవాళ్లు.

మా హెడ్‌మిస్ట్రెస్ సముద్రపు జిల్లాల నుంచి వచ్చిన మనిషి. ఆరోగ్యానికి నడక ముఖ్యమని ఆమె గట్టి నమ్మకం. అందుకని రోజూ సాయంత్రం పిల్లలందరినీ వరుసలో నిలబెట్టి ఆవరణలో గుండ్రంగా తిప్పించేది. మాట్లాడకూడదు, వరుస తప్పకూడదు, పక్కకు చూడకూడదు. ఆ తిప్పే పని నాది. పిల్లలతోపాటు నేనూ గానుగెద్దులా తిరిగేదాన్ని.

గోడ పైనుంచి కోట కొండ కనిపించేది. ఎర్రటి బండలు, ఒకదానిమీద ఒకటి ఎవరో పేర్చిపోయినట్టు. ఇంత దగ్గర్లో అంత కొండ ఉండగా, దాన్ని చూడవద్దని పిల్లలకు చెప్పడానికి నాకు జీతం ఇస్తున్నారే అనుకునేదాన్ని. ఆ కొండ మీద ఏముందని ఊళ్లో ఎవరిని అడిగినా ఆంజనేయస్వామి గుడి అనేవాళ్లు, పాత కోట గోడలనేవాళ్లు. ఇంకేముందంటే పాములనేవాళ్లు.

ఒకసారి తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్ట్రెస్, భూగోళం పాఠం గోడల మధ్య చెప్పడమేమిటని కోప్పడి పోయింది. ఆ కోపం నాకు కలిసివచ్చింది. శనివారం పొద్దున నడవగలిగిన పిల్లలను కొండ దగ్గరకు తీసుకుపోవడానికి అనుమతి దొరికింది.

నడవగలిగిన పిల్లలను, అని హెడ్‌మిస్ట్రెస్ ఒత్తి చెప్పింది. ఆ మాటలోని చిక్కు నాకు వెంటనే తెలియలేదు.

కన్నుకొట్టే మెరుపు

రత్నమ్మ పత్తి మండీ గుండయ్య శెట్టి కూతురు. అప్పటికి పదకొండో పన్నెండో ఏళ్లుంటాయి. చిన్నప్పుడు వచ్చిన జ్వరానికి ఎడమకాలు సన్నబడి, మోకాలు వంగకుండా పోయింది. చేతికర్ర ఆనించుకుని, ఆ కాలిని పక్కనుంచి తిప్పి వేస్తూ నడిచేది. మేము కొండకు పోయినప్పుడల్లా ఆమె బడిలో కూర్చుని కుట్టుపని చేసేది.

ఒకరోజు క్లాసు అయ్యాక నా బల్ల దగ్గరకు వచ్చింది.

"టీచరమ్మా, కొండ మీద తెల్లగా మెరిసేది ఏంది?"

"ఏ మెరుపు?"

"పొద్దున్నే ఎండ పడంగానే మా మిద్దెమీదికి కనపడతాది. నడుమెత్తులో ఉంటాది. అద్దం మాదిరి. ఒగోసారి కన్నుకొడతాది."

"కన్నుకొట్టడమేంది?"

"ఆరిపోయి మళ్లా ఎలుగుతాది. మా ఇంట్లో ఎవురిని అడిగినా నీకు పనిలేదంటారు."

మర్నాడు పొద్దున వాళ్ల మిద్దె ఎక్కి నేనూ చూశాను. నిజమే. బండల మధ్య అరచేయంత వెలుగు. నీళ్లా? పలుగురాయా? ఎవరైనా పారేసిన గాజుపెంకా? మేమిద్దరం చూస్తుండగానే అది చటుక్కున ఆరి, మళ్లీ వెలిగింది. గాజుపెంకు అలా చేయదు. నీళ్లూ అలా చేయవు. ఆ రోజంతా నాకు పాఠం మీద మనసు నిలవలేదు.

ఇద్దరం ఒక ఉపాయం చేశాం. శనివారం మిగతా పిల్లలతో నేను కొండ ఎక్కుతాను. రత్నమ్మ మిద్దె మీద నిలబడి తెల్లగుడ్డ పట్టుకుంటుంది. మేము కుడికి పోవాలంటే కుడికి ఊపాలి, ఎడమకు పోవాలంటే ఎడమకు. చేరామంటే గుడ్డ పైకెత్తి గిరగిరా తిప్పాలి.

ఆ రోజు మేము పోయిన దారి దారి కాదు. మోకాలెత్తు మెట్లు, వాటి పైన బండలు, బండల సందుల్లో ముళ్లపొదలు. పిల్లలు చేతులు గీరుకుపోయినా నవ్వుతూనే ఎక్కారు. దూరాన చీమంత మిద్దె మీద గుడ్డ ఊగుతూనే ఉంది. చివరికి అది గిరగిరా తిరిగింది. మేము ఆ మెరుపు మీదే నిలబడ్డాం. అది ఏమిటో తెలిసి పిల్లలు కేకలు పెట్టారు.

దిగివచ్చి నేరుగా రత్నమ్మ ఇంటికి పోయాం. పిల్లలు చెప్పబోతుంటే ఆమె రెండు చేతులతో చెవులు మూసుకుంది.

"సెప్పొద్దండి! ఎవురూ సెప్పొద్దండి! నేనే పోయి సూస్తాను."

పిల్లలు నా ముఖం చూశారు. ఆ కాలితో ఆమె ఆ మెట్లు ఎక్కలేదని అందరికీ తెలుసు. అయినా నేను అందరి చేతా ఒట్టు వేయించాను. చూసింది చెప్పేస్తే ఆమెకు దక్కేది ఒక మాట. మాకు దక్కింది మాట కాదు కదా.

అక్కడ ఏముందో మీకూ ఇప్పుడే చెప్పను.

కుంటి టీచరమ్మ

హెడ్‌మిస్ట్రెస్‌ను అడిగితే ఆమె కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది.

"చూడండి సుందరమ్మగారూ. ఆ పిల్ల పడిందంటే శెట్టిగారు ఊరుకోరు. ఆయన మానిపిస్తే ఆ వీధి పిల్లలంతా మానేస్తారు. బడి మూసుకోవాలి. ముందు శెట్టిగారిని ఒప్పించండి. ఒప్పుకోకపోతే ఈ ఊసు నా దగ్గర మళ్లీ ఎత్తకండి. ఏదైనా జరిగితే మాత్రం ఇక్కడ మీకు చోటుండదు."

ఆమెను చెడ్డమనిషి అనను. ఆడపిల్లల బడి నడపడం అప్పట్లో గాజుబుడ్డి మోసుకుపోవడమే. కానీ పడకుండా చూడటమే పెంపకం అనుకోవడం ఆమె పొరపాటు. ఆ పొరపాటు చేసే పెద్దలు మీకూ ఎదురవుతారు. వాళ్లతో వాదించకండి. దారి వెతికి చూపించండి.

నేను దారి వెతకడం మొదలుపెట్టాను. ఆదివారం ఆరాధన అయ్యాక కొండ చుట్టూ తిరిగేదాన్ని. మొదట్లో మేకల జాడ పట్టుకుని పోయాను. మేకలు గోడలైనా ఎక్కుతాయి, వాటి వెంట పోతే చివరికి ఏదో ఒక బండకు కరుచుకుని నిలబడాల్సి వచ్చేది. తర్వాత ఆవుల వెంట పోయాను. చూలు ఆవు ఎటు పోతే అటు. ఒళ్లు బరువైన జంతువు తొందరపడదు, నిటారుగా ఎక్కదు, వాలును అడ్డంగా కోసుకుంటూ పోతుంది. అట్లా కొండ వెనక వైపున, ఊరికి కనిపించని పక్క, మెల్లగా చుట్టి పైకి పోయే జాడ ఒకటి దొరికింది. అది ఆ మెరిసే చోటికి పైనుంచి చేరుతుంది.

కానీ నా కాళ్లకు సులువైనంత మాత్రాన రత్నమ్మకు సులువని ఎట్లా చెప్పేది? అందుకని ఒక సన్నటి చెక్కను మోకాలి వెనక పెట్టి, గుడ్డతో బిగించి కట్టి, పైన చీర దించుకుని ఆ దారిన నడిచాను. అప్పుడు తెలిసింది. ఎక్కడం కంటే దిగడం కష్టం. పెద్ద రాయి కంటే కదిలే గులకరాయి ప్రమాదం. కాలు తిప్పి వేయాలంటే పక్కన జానెడు చోటు ఎక్కువ ఉండాలి. ముల్లుపొద ఆ జానెడులోనే ఉంటుంది.

దారిలో ఒకచోట వాన కోసిన గండి ఉంది. లోతు లేదు, కానీ ఒక పెద్ద అంగ వేస్తేగానీ దాటలేం. వంగని కాలితో అది కుదరదు. రెండు శనివారాలు మా పిల్లలు చదును రాళ్లు ఏరి తెచ్చి అందులో పేర్చారు. పాఠం ఏమిటని అడిగితే భూగోళం అని చెప్పుకున్నాం.

తర్వాత మండీకి పోయాను. గుండయ్య శెట్టి దూది బోరాల మధ్య నిలబడి ఉన్నాడు. విషయమంతా విన్నాడు.

"పాప పడితే?" అన్నాడు.

"పడొచ్చు శెట్టిగారూ. పడదని నేను సెప్పలేను. పడినా దొర్లిపోని దారి మాత్రం సూసినాను."

"నీ కాళ్లు బాగుండాయి. ఆ యమ్మి కాలి సంగతి నీకెట్ల తెలుస్తాది?"

చెక్క కట్టుకుని నడిచిన సంగతి చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి పెద్దగా నవ్వాడు.

"అట్లయితే కొండకాడ కుంటి టీచరమ్మ తిరుగుతాండాదని జనం సెప్పుకుండేది నిన్నేనా!"

నవ్వు ఆగాక తన అక్క మాట ఎత్తాడు. ఆ పిల్లను తల్లి పోయినప్పటి నుంచీ విధవరాలైన ఆ అక్క లక్ష్మమ్మే పెంచుతోంది.

"మా అక్క ఎంట వస్తాది. ఆమె యాడిదాకా ఎక్కితే ఆడిదాకానే పాప ఎక్కాల. ఆమె నిలబడిపోతే ఆడినుంచే ఎనక్కి రావాల. ఒప్పుకుంటావా?"

ఒప్పుకున్నాను. లక్ష్మమ్మను అప్పటికి నేను చూడలేదు.

లక్ష్మమ్మ నడక

చలికాలం పొద్దు. మిగతా పిల్లలతో కలిసి కొండ వెనక దాకా ఝట్కాల్లో పోయి దిగాం. లక్ష్మమ్మ దిగుతుంటే ఝట్కా ఒకపక్కకు ఒరిగింది. భారీ మనిషి. ఆయాసం. తన నీళ్లు తన చెంబులోనే తెచ్చుకుంది. నేను దగ్గరకు వస్తే చీర కొంగు దగ్గరకు లాక్కునేది. గుడికీ ఇంటికీ తప్ప ఏనాడూ నడిచిన మనిషి కాదు.

నాలుగు బారలు నడిచి కూర్చుంది. "ఇంగెంత దూరం?" అంది.

"ఇప్పుడే కదమ్మా బయలుదేరింది."

మళ్లీ నాలుగు బారలు, మళ్లీ కూర్చోవడం. పిల్లలు విసుక్కుంటారనుకున్నాను. కానీ కూర్చున్న ప్రతిచోటా ఏదో ఒకటి కనబడటం మొదలైంది. రాతి పగులులో నుంచి తొండ తొంగిచూసింది. దూరాన నల్లరేగడి చేలల్లో పత్తి తెల్లగా విచ్చుకుని ఉంది. రాయచూరు వైపు పోయే రైలు పురుగులా పాకుతూ పోయింది. ఇంతకుముందు ఆ దారిన నేను ఎన్నోసార్లు పోయాను. ఒక్కసారీ కూర్చోలేదు. అందుకే ఇవేవీ చూడలేదు.

దారి కొండ భుజం మీదికి తిరిగేసరికి ఊరు కనబడింది. లక్ష్మమ్మ లేచి నిలబడింది.

"ఏందే రత్నా, అది మన ఊరా?"

"అవునత్తా."

"మన మిద్దె యాడుంది?"

"ఆ పొగగొట్టానికి ఈపక్క. ఆడ సూడు, తులసికోట."

"ఇంతేనా మన ఇల్లు?" అని లక్ష్మమ్మ చాలాసేపు చూసింది. "దాంట్లోనే కదా ఇన్నేండ్లు తిరుగుతాండాను" అంది. ఆ తర్వాత ఇంకెంత దూరమని అడగలేదు.

గండి దగ్గరకు వచ్చాం. పిల్లలు దాటారు. రత్నమ్మ పక్కకు తిరిగి, మంచికాలు ముందు వేసి, రెండోదాన్ని లాక్కుని, రాతి మీద నుంచి రాతి మీదికి దాటింది. లక్ష్మమ్మ మొదటి రాతి మీద కాలు పెట్టింది. కిందికి చూసింది. అంతే, బిగుసుకుపోయింది. ముందుకు రాదు, వెనక్కి పోదు. చెమటలు పోశాయి.

"నా చేతకాదు. ఎనక్కి పోదాం పదండి."

ఆమె నిలబడిపోతే వెనక్కి రావాలని ఒప్పందం. రత్నమ్మ ముఖం చూడలేకపోయాను. గండిలోకి దిగి లక్ష్మమ్మకు చేయి అందించాను. ఆమె నా చేతిని చూసింది, నా ముఖం చూసింది, పట్టుకోలేదు. పట్టుకోలేని కారణం నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. చేయి దించుకోవడమా, అలాగే ఉంచడమా అని ఒక్క క్షణం తోచలేదు. అలాగే ఉంచాను.

అప్పుడు రత్నమ్మ వెనక్కి వచ్చింది. తన చేతికర్రను ముందుకు చాచింది.

"అత్తా, కిందికి సూడొద్దు. నా పక్క సూడు. ఈ కట్టె పట్టుకో. నా మాదిరి పక్కకు తిరుగు. ఒక కాలు ఎయ్యి. రెండోది లాగు. బిర్రుగా పట్టుకో, నేను ఇడ్సను."

ఆ ఇంట్లో పుట్టినప్పటి నుంచీ ఆ పిల్లకు అందరూ నడక నేర్పినవాళ్లే. లక్ష్మమ్మ కర్ర కొన పట్టుకుని, పక్కకు తిరిగి, రత్నమ్మ నడిచినట్టే నడిచి గండి దాటింది. దాటి కూర్చుని కాసేపు ఏడ్చింది, కాసేపు నవ్వింది.

బండ దగ్గరకు చేరేసరికి మెరుపు లేదు. దగ్గరికి పోతే అది ఉత్త నల్లటి బండ. ఏటవాలుగా, ఒకచోట మాత్రం నున్నగా ఉంది. రత్నమ్మ ముఖం చిన్నబోయింది.

"ఇదేనా?"

ఆమె వంగి చేయి పెట్టింది. నెయ్యి రాసినట్టు చేయి జారింది. అంతలో ఆవులు కాసేవాళ్ల పిల్లలు ఇద్దరు పక్కనుంచి పరుగెత్తుకొచ్చి, బండ పైన చతికిలబడి, సర్రున కిందకు జారి ఇసుకలో పడ్డారు.

జారుడుబండ. ఎన్ని తరాల పిల్లలు జారారో, రాతిని అద్దం చేశారు. పొద్దుటి ఎండకు అదే మెరిసేది.

రత్నమ్మ ఆ పిల్లలను చూసి, కింద ఊళ్లో తన మిద్దె వైపు చూసింది. తర్వాత మెల్లగా అంది. "పిల్లోల్లు జారేటప్పుడు అడ్డం వస్తారు. అందుకే కన్నుకొట్టేది."

మాలో ఎవరికీ అది తట్టలేదు. ఆమెకు తట్టింది.

"టీచరమ్మా, దీనికి మోకాలు వంగాల్సిన పనిలేదు కదా?"

ఆమె జారింది. మళ్లీ పైకి రావడానికి చాలాసేపు పట్టింది, అయినా వచ్చింది, మళ్లీ జారింది. లక్ష్మమ్మ మొదట వద్దని అరిచింది, తర్వాత పావడా సర్దుకోమని అరిచింది, తర్వాత ఊరికే అరిచింది. దిగేటప్పుడు గండి దగ్గర ఆమె నా భుజం పట్టుకుంది. ఆ మాట నేనూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు.

ఎమ్మిగనూరులో

ఇదంతా చదివి ఆ పిల్ల పెద్ద చదువులు చదివిందని అనుకోకండి. ఆ ఏడు తిరిగేసరికి పెద్దమనిషి అయిందని బడి మానిపించారు. నాకు చాలా రోజులు మనసు బాగాలేదు. కానీ ఆ దారి ఆగలేదు. చలికాలం రాగానే లక్ష్మమ్మ ఆ వీధి ఆడవాళ్లను పోగుచేసుకుని పోయేది. ఆయాసం ఉన్నవాళ్లు, ముసలివాళ్లు, చంకన బిడ్డలున్నవాళ్లు. నడవగలిగినవాళ్లు మాత్రమే అన్న షరతు ఆమె పెట్టలేదు.

యుద్ధం రోజుల్లో నన్ను ఎమ్మిగనూరుకు వేశారు. నా సొంత పక్క. అక్కడ అంతా చదును. ఎక్కడానికి ఏమీ లేదని, ఇక నా నడకలు ముగిశాయని అనుకున్నాను. ఒకరోజు ఆదోని నుంచి, పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిపే బస్సు దిగి రత్నమ్మ వచ్చింది. అప్పటికి పెళ్లయి ఆదోనిలోనే కాపురం చేస్తోంది. చేతిలో అదే తరహా కర్ర, వెనక కర్ర కొన పట్టుకుని ఇంకొకామె. పెద్దవయసు, రెండు కళ్లూ లేవు.

"మా గౌరమ్మక్క. మాతో వస్తానంటాది. కొండమీదికి తీస్కపోతే ఆడ సూసేదానికి ఏముందని అందరూ నవ్వుతాండారు. ఈమెకు ఏ దారి బాగుంటాది టీచరమ్మా?"

నేను దానికి జవాబు ఎన్నడూ ఆలోచించలేదు. ఆ మాటే చెప్పాను.

"అయితే పోయి సూద్దాం" అంది గౌరమ్మ.

ముగ్గురం బయలుదేరాం. సాలెవాళ్ల వీధిలో గుంటమగ్గాలు ఆడుతున్నాయి. ఒక్కో ఇంటి ముందు గౌరమ్మ ఆగి వినేది. "ఈ ఇంట్లో సేసేది ముసలాయన. ఈ ఇంట్లో పిల్ల" అనేది. నూలుకు పట్టించిన గంజి వాసన వస్తే ముక్కు ఎగబీల్చి నవ్వేది. వీధి దాటి, శనగచేను గట్టు మీదుగా పోయి వంకలోకి దిగాం. వానలు పోయి చాలా రోజులైంది, వంకలో ఉత్త ఇసుక. ఇక్కడ ఈమెకు ఏం చూపించేదని నేను తటపటాయిస్తున్నాను.

గౌరమ్మ చెప్పులు విప్పింది. ఇసుకలో నాలుగు అడుగులు వేసి ఆగింది. పాదంతో మెల్లగా తడిమింది.

"ఈడ నీళ్లు పోయినాయి. ఇట్ల నుంచి ఇట్ల పోయినాయి" అని చేత్తో చూపింది.

వంగి చూశాను. ఇసుక మీద నీళ్లు గీసిపోయిన సన్నటి అలలు, వరుస తప్పకుండా, వంక పొడుగునా ఉన్నాయి. చిన్నప్పటి నుంచీ ఆ వంక దాటుతూనే ఉన్నాను.

"యాడిదాకా పోయినాయో సూద్దామా?" అంది గౌరమ్మ.

రత్నమ్మ అప్పటికే ముందుకు కదిలింది. నేనూ చెప్పులు విప్పి చేత పట్టుకున్నాను.